ఉప్పు దారి తప్పితే ఊపిరితిత్తులకు ఏమవుతుంది

(తల్లిదండ్రులు, నర్సింగ్ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు పాల్గొన్న సభలో పిల్లల ఊపిరితిత్తుల వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఊపిరితిత్తుల గురించే. అయితే మొదలుపెట్టవలసింది ఉప్పు దగ్గర. మన శ్వాసనాళాల లోపలి గోడ మీద ఎప్పుడూ ఒక తడి పొర ఉంటుంది. దాని మందం సుమారు 7 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు భాగాలన్నమాట. ఎర్ర రక్తకణం వెడల్పు కూడా దాదాపు అంతే. కంటికి కనిపించని ఆ కాస్త నీరు తగ్గినా, పెరిగినా పిల్లల ఆరోగ్యం ఎలా మారిపోతుందో చెప్పడానికి రెండు అరుదైన వంశపారంపర్య జబ్బులను మీ ముందుంచుతాను. మొదటిది సిస్టిక్ ఫైబ్రోసిస్. దీని పేరు మీలో కొందరు విని ఉంటారు. రెండోది సిస్టమిక్ సూడోహైపోఆల్డోస్టెరోనిజం. పేరు పెద్దది కాబట్టి ఇకపై పీహెచ్ఏ అంటాను. ఇది ఎంత అరుదంటే చాలామంది పిల్లల డాక్టర్లు తమ వృత్తి జీవితం మొత్తంలో ఒక్క కేసునైనా చూడకపోవచ్చు. అయినా దాని గురించి ఇంత పెద్ద సభలో ఎందుకు చెబుతున్నానంటే, మొదటి జబ్బు ఊపిరితిత్తులను ఎలా పాడుచేస్తుందో మనకు తేటతెల్లం చేసింది ఈ రెండోదే.

శరీరంలోని కణాలకు నీటిని నేరుగా తోడే యంత్రాంగం లేదు. కణం చేయగలిగింది ఉప్పును కదిలించడం. ఉప్పు ఎటు వెళితే నీరు దాని వెంట అటు వెళుతుంది. శ్వాసనాళపు గోడలోని కణాల మీద ఇందుకు రెండు ముఖ్యమైన ద్వారాలు ఉన్నాయి. ఒకదాని పేరు ఈనాక్. అది పొరలోని ఉప్పులో ఒక భాగమైన సోడియాన్ని కణంలోకి పీల్చుకుంటుంది. ఆ సోడియం వెంట నీరు కూడా లోపలికి పోతుంది కాబట్టి పొర పలచబడుతుంది. రెండోది సీఎఫ్‌టీఆర్. అది ఉప్పులోని మరో భాగమైన క్లోరైడును, ఆమ్లత్వాన్ని తగ్గించే బైకార్బనేటును కణం నుంచి బయటికి పంపుతుంది. వాటి వెంట నీరు బయటికి వచ్చి పొర నిండుతుంది. ఒకటి తీస్తుంటే మరొకటి పోస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ రెండింటి పొత్తు వల్లే ఆ 7 మైక్రాన్లు నిలకడగా ఉంటాయి.

ఆ నీటిలో శైలికలు ఉంటాయి. వెంట్రుకల కంటే ఎంతో సన్నగా, ఒక్కో కణం మీద వందల సంఖ్యలో నిలబడి, సెకనుకు పదిసార్ల చొప్పున ఒకే దిక్కుకు కొట్టుకుంటాయి. వాటి కొసల మీద జిగట శ్లేష్మం దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. మనం పీల్చిన దుమ్ము, పొగ, సూక్ష్మక్రిములు ఆ శ్లేష్మానికి అంటుకుంటాయి. శైలికలు దాన్ని గొంతు దాకా నెట్టుకొస్తాయి, మనం తెలియకుండానే మింగేస్తాం. నారుమడిలో నీరు సరిగా ఉన్నప్పుడు నారు నిటారుగా నిలబడుతుంది, నీరు ఇంకిపోతే బురదకు అంటుకుపోతుంది. శైలికల సంగతీ అంతే. వాటి అడుగున నీరు తగ్గిందంటే శ్లేష్మం వచ్చి మీద పడుతుంది, అవి ఇక కొట్టుకోలేవు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జరిగేది ఇదే. సీఎఫ్‌టీఆర్ ద్వారం సరిగా తయారు కాదు, లేదా తయారైనా తెరుచుకోదు. క్లోరైడు బయటికి రాదు. ఈనాక్ మాత్రం సోడియాన్ని లోపలికి లాగుతూనే ఉంటుంది. తీసేది ఉంది, పోసేది లేదు. పొర ఎండిపోతుంది. బైకార్బనేటు కూడా రాదు కాబట్టి శ్లేష్మంలోని పొడవాటి ప్రోటీన్లు సరిగా విప్పారక ముద్దకట్టి గోడకు అతుక్కుంటాయి. ఈ జబ్బులో ఈనాక్ మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తుందా, లేక అసలు దోషం బైకార్బనేటుదేనా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా సాగుతోంది. 2008లో ఈ జన్యు లోపంతో పందులను పుట్టించాక ఆ చర్చ మరింత పదునెక్కింది. కారణాల్లో ఏది ముందన్నది ఎలా ఉన్నా, ఫలితం మీద భేదం లేదు. శ్లేష్మం కదలడం మానేస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు పుట్టిన రోజున దాదాపు మామూలుగానే ఉంటాయి. చెడిపోవడం ఆ తర్వాత మొదలవుతుంది. కదలని శ్లేష్మంలో క్రిములు స్థిరపడతాయి. చిన్న వయసులో ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్, తర్వాత సూడోమోనాస్ ఎరుగినోసా. వాటితో పోరాడటానికి తెల్ల రక్తకణాలు దండుగా వస్తాయి. మందపాటి శ్లేష్మంలో ఆక్సిజన్ అందని చోటికి చేరిన సూడోమోనాస్ తన చుట్టూ జిగురు కవచం కట్టుకుంటుంది. అక్కడికి మందులూ సరిగా చేరవు, రక్తకణాలూ చేరలేవు. ఆ కణాలు అక్కడే చచ్చి, తమలోని డీఎన్ఏను, ఎంజైములను చుట్టూ వదిలేస్తాయి. డీఎన్ఏ పోగులతో కఫం ఇంకా చిక్కబడుతుంది. ఎంజైములు క్రిములతో పాటు శ్వాసనాళపు గోడనూ కొరికేస్తాయి. గోడ సాగిపోయి నాళం ఉబ్బుతుంది. దీన్నే బ్రాంకియెక్టేసిస్ అంటాం. ఒకసారి ఈ స్థితికి చేరిన నాళం మళ్లీ మామూలు కావడం కష్టం. ఈ జబ్బులో ప్రాణాలు పోయేది చాలావరకు ఊపిరితిత్తుల వల్లే.

ఈ జబ్బుకు మొదట పేరు తెచ్చినది ఊపిరితిత్తులు కావు, క్లోమం. 1938లో న్యూయార్క్‌లో డోరతీ ఆండర్సన్ అనే పాథాలజిస్టు, చనిపోయిన పసిపిల్లల క్లోమాల్లో తిత్తులు, గట్టిపడిన కణజాలం గమనించి దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. పదేళ్ల తర్వాత 1948 వేసవిలో అదే నగరంలో విపరీతమైన వడగాలులు వీచాయి. ఎండదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పసిపిల్లల్లో ఈ జబ్బు ఉన్నవారు ఎక్కువగా ఉండటం పాల్ డి శాంట్ఆగ్నీస్ అనే వైద్యుడి దృష్టిలో పడింది. కారణం వెతుకుతూ వెళ్లి, వీరి చెమటలో ఉప్పు చాలా ఎక్కువని 1953లో ప్రకటించారు. 1959లో గిబ్సన్, కుక్ చెమట పరీక్షను సురక్షితంగా చేసే పద్ధతి ఇచ్చారు. చర్మం మీద పైలోకార్పిన్ అనే మందును చిన్నపాటి విద్యుత్తుతో లోపలికి పంపి, చెమట పట్టించి, అందులోని క్లోరైడును కొలుస్తారు. సూది గుచ్చనక్కర్లేదు. ఇప్పటికీ నిర్ధారణకు అదే ఆధారం. లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే జబ్బు ఉన్నట్టు, 30 లోపు ఉంటే దాదాపు లేనట్టు.

చెమటలో ఉప్పు ఎందుకు ఎక్కువో 1983లో పాల్ క్వింటన్ తేల్చారు. ఆయన స్వయంగా సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో జీవిస్తున్న శాస్త్రవేత్త. తన జబ్బునే పరిశోధనాంశంగా తీసుకుని, స్వేద గ్రంథి నాళం క్లోరైడును లోపలికి రానివ్వడం లేదని చూపించారు. ఈ రంగంలో నాకు అమితమైన గౌరవం ఉన్న వ్యక్తుల్లో ఆయన ముందుంటారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1989లో టొరంటోలోని లాప్‌చీ ట్సూయి, జాన్ రియోర్డన్, మిషిగన్‌లోని ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి ఏడో క్రోమోజోమ్ మీద సీఎఫ్‌టీఆర్‌ను తయారుచేసే జన్యువును కనుగొన్నాయి. సీఎఫ్‌టీఆర్ ప్రోటీను 1480 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 508వ స్థానంలో ఉండవలసిన ఫినైల్ అలనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం లేకపోవడమే పాశ్చాత్య దేశాల్లో అత్యధిక రోగులకు కారణం. ఇప్పటికి ఆ జన్యువులో రెండు వేలకు పైగా మార్పులు నమోదయ్యాయి.

ఇక రెండో జబ్బుకు వద్దాం. నాకు ఇది చాలా ఇష్టమైన అధ్యాయం, కాస్త ఓపికగా వినండి.

పీహెచ్ఏలో సీఎఫ్‌టీఆర్ బాగానే ఉంటుంది. చెడిపోయేది ఈనాక్. మూత్రపిండాల్లో సోడియాన్ని తిరిగి రక్తంలోకి తీసుకునే చివరి ద్వారం అదే. అందువల్ల ఈ బిడ్డ పుట్టిన మొదటి రెండు వారాల్లోనే వాంతులు, పాలు తాగకపోవడం, నీరసంతో ఆసుపత్రికి వస్తుంది. రక్తంలో సోడియం పడిపోయి, పొటాషియం ప్రమాదకరంగా పెరిగి, ఆమ్లత్వం ఎక్కువై ఉంటుంది. సోడియాన్ని నిలుపుకోమని చెప్పే ఆల్డోస్టెరోన్ హార్మోను రక్తంలో విపరీతంగా ఉంటుంది, కానీ ఆ ఆదేశం అమలు చేయవలసిన ద్వారమే లేదు. అందుకే హార్మోను మందులు ఇచ్చినా ఫలితం ఉండదు. పెద్ద మోతాదులో ఉప్పు, పొటాషియాన్ని తగ్గించే మందులు ఏళ్ల తరబడి ఇవ్వవలసిందే. పీహెచ్ఏలోనే మూత్రపిండాలకు పరిమితమైన మరో రకం ఉంది. దానిలో దోషం హార్మోనును గుర్తించే గ్రాహకంలో ఉంటుంది, ఈనాక్‌లో కాదు. వయసుతో తగ్గుముఖం పడుతుంది, ఊపిరితిత్తుల జోలికి రాదు. నేను మాట్లాడేది ఈనాక్ జన్యువులే చెడిన రకం గురించి.

ఈ పిల్లల చెమట కూడా ఉప్పగానే ఉంటుంది. చెమట పరీక్ష చేస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పొరబడేంత ఎక్కువగా. పైగా దగ్గు, ఆయాసం కూడా ఉంటాయి. పుట్టిన కొన్ని నెలల నుంచే మాటిమాటికీ ఛాతీలో గురగురలు, పిల్లికూతలు. రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తున్నాయి కదా. కానీ ఊపిరితిత్తుల లోపల జరిగేది పూర్తిగా తలకిందులు.

స్వేద గ్రంథి నాళంలో ఈ రెండు ద్వారాలూ ఒకే పని చేస్తాయి. సోడియం ఒకదాని గుండా, క్లోరైడు మరోదాని గుండా జంటగా లోపలికి వెళితేనే చెమటలోని ఉప్పు శరీరానికి తిరిగి దక్కుతుంది. జంటలో ఏ ఒక్కటి ఆగినా రెండోది ముందుకు సాగదు, ఉప్పు చెమటతో పోతుంది. శ్వాసనాళంలో మాత్రం ఈ రెండూ ఎదురెదురుగా పనిచేస్తాయి. అందుకే ఒకటి చెడితే కరువు, మరొకటి చెడితే వరద.

1999లో ఇజ్రాయెల్, అమెరికా వైద్యులు కలిసి పీహెచ్ఏ ఉన్న కొద్దిమందిని నిశితంగా పరీక్షించి ఫలితాలను ప్రచురించారు. వారి శ్వాసమార్గపు పొరలో ద్రవం మామూలు వారికంటే రెట్టింపుకు పైగా ఉంది. సోడియం లోపలికి పోవడం లేదు కాబట్టి నీరు అక్కడే నిలిచిపోతోంది. సన్నని నాళాలున్న పసిపిల్లలకు ఆ నీరే ఇబ్బంది. దగ్గు, గురగురలు అందువల్లే. అయితే ఇన్నిసార్లు ఛాతీ పట్టేసిన ఈ పిల్లల్లో స్టెఫైలోకాకస్, సూడోమోనాస్ తిష్ఠ వేయలేదు. కొంచెం పెద్దవారిలో శ్లేష్మం కదిలే వేగాన్ని కొలిస్తే, అది ఆరోగ్యవంతుల కంటే దాదాపు నాలుగు రెట్లు ఉంది. నీరు సమృద్ధిగా ఉంది, శైలికలు స్వేచ్ఛగా కొట్టుకుంటున్నాయి, క్రిములు నిలవలేక కొట్టుకుపోతున్నాయి. వయసు పెరిగి నాళాలు వెడల్పయ్యాక ఛాతీ ఇబ్బందులు చాలామందిలో తగ్గాయి.

నా దృష్టిలో దీనికి మించిన రుజువు అక్కర్లేదు. ఊపిరితిత్తులను కాపాడేది ముందుగా ఆ నీరు, దాని మీద సాగే శ్లేష్మం. తర్వాతే యాంటీబయాటిక్‌లు. 2004లో ఎలుకల శ్వాసనాళాల్లో ఈనాక్‌ను కావాలని ఎక్కువ చేస్తే, సీఎఫ్‌టీఆర్ బాగున్నా సరే, వాటికి సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటి ఊపిరితిత్తుల జబ్బే వచ్చింది. అంతకుముందు 1996లో ఈనాక్‌ను పూర్తిగా తీసేసిన ఎలుక పిల్లలు పుట్టిన 40 గంటల్లోపే చనిపోయాయి. గర్భంలో ఊపిరితిత్తుల నిండా ఉండే ద్రవాన్ని పుట్టగానే పీల్చేయవలసినది ఈనాకే. మనుషుల్లో పీహెచ్ఏతో పుట్టిన బిడ్డలు ఆ గండాన్ని చాలావరకు దాటుతున్నారు. ఎలుకకూ మనిషికీ ఉన్న ఈ తేడా గురించి మరో గంట మాట్లాడవచ్చు, కానీ సమయం లేదు.

చికిత్సకు వస్తే, ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తులు మెరుగ్గా ఉండటం అక్కడి వైద్యులు గమనించారు. ఆ ఆలోచనను పరీక్షకు పెట్టి, 7 శాతం ఉప్పు నీటిని నెబ్యులైజర్‌తో రోజుకు రెండుసార్లు 48 వారాల పాటు పీల్చినవారి ఫలితాలను 2006లో ప్రచురించారు. జబ్బు తిరగబెట్టడం 56 శాతం తగ్గింది. పొర మీద ఉప్పు పడితే దాని వెంట నీరు బయటికి వస్తుంది, శ్లేష్మం కదులుతుంది. ఇంత చవకైన మందు ఇంత పని చేస్తుందంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. కఫంలోని డీఎన్ఏను కోసే డోర్నేస్ ఆల్ఫా 1993 నుంచి ఉంది. ఈనాక్‌ను అడ్డుకుందామని అమిలోరైడ్ పీల్పించి చూశారు గానీ దాని ప్రభావం మరీ తక్కువ సేపే ఉండటంతో నిలదొక్కుకోలేదు.

అసలు ద్వారాన్నే సరిచేసే మందులు 2012లో ఐవకాఫ్టర్‌తో మొదలయ్యాయి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక, 508 మార్పు ఉన్నవారిలో ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని దాదాపు 14 శాతం పాయింట్లు పెంచింది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తున్న కొందరికి ఆ అవసరమే లేకుండా పోయింది. కానీ అప్పుడు అక్కడ దాని ధర ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైనే. ప్రాణం నిలిపే మందు ఉండి కూడా తల్లిదండ్రుల చేతికి అందకపోవడం అన్యాయం. ఈ మాట ఏ వేదిక మీదైనా చెబుతాను. మన దేశంలో మరో చిక్కు కూడా ఉంది. 508 మార్పు మన రోగుల్లో పాశ్చాత్యుల కంటే బాగా తక్కువ. కాబట్టి ఇక్కడి పిల్లలకు జన్యు పరీక్ష చేసి ఏ మార్పు ఉందో తెలుసుకోకుండా ఏ మందు పనిచేస్తుందో చెప్పలేం. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ డీఎన్ఏ పరిశోధనా కేంద్రం వంటి సంస్థల వల్ల జన్యు నిర్ధారణ మన ప్రాంతంలోనే సాధ్యమవుతోంది. చెమట సేకరణకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశీయంగా తక్కువ ఖర్చు పద్ధతిని రూపొందించి ఇరవై ఏళ్లు దాటింది. అయినా జిల్లా స్థాయిలో చెమట పరీక్ష దొరకడం ఇప్పటికీ గగనమే.

అందుకే ఆశా కార్యకర్తలకు నా విన్నపం. ఒకే బిడ్డకు ఏడాదిలో రెండు మూడుసార్లు న్యుమోనియా వస్తే, నెలల తరబడి కఫంతో దగ్గు తగ్గకపోతే, ఆకలి బాగా ఉన్నా బరువు పెరగకపోతే, విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఎక్కువగా వస్తుంటే, వేలి కొనలు ఉబ్బితే, ఇంట్లో ఇంతకుముందు ఒక బిడ్డ ఇలాగే పోయి ఉంటే, దయచేసి చీటీ రాసి ఆసుపత్రికి పంపండి. కఫంలో క్షయ క్రిమి దొరక్కపోయినా క్షయ మందులు వాడి, ఆపి, మళ్లీ వాడి నా దగ్గరికి వచ్చే పిల్లలు ఎందరో. క్షయ మన దగ్గర ఎక్కువ కాబట్టి ముందు అది గుర్తుకు రావడం సహజం. కానీ రెండోసారి కోర్సు మొదలుపెట్టే ముందు ఒక్కసారి చెమట పరీక్ష గురించి ఆలోచించండి. బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటోందని తల్లి చెబితే ఆ మాటను కొట్టిపారేయకండి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పసిబిడ్డ చెమటతో కోల్పోయే ఉప్పు మామూలు ఆహారంతో తీరదు. వాంతులు, విరేచనాలు పెద్దగా లేకుండానే బిడ్డ వడలిపోతుంది. రక్త పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడు మూడూ తగ్గి, క్షారత్వం పెరిగి కనిపిస్తుంది. పీహెచ్ఏలో పొటాషియం పెరుగుతుందని చెప్పాను, ఆమ్లత్వం ఎక్కువవుతుందని కూడా. చెమట రెండింటిలో ఉప్పగానే ఉన్నా ఈ ఒక్క రక్త పరీక్ష రెండింటినీ వేరు చేస్తుంది. నర్సింగ్ విద్యార్థులు ఇది రాసుకోండి.

ఇక మీ ప్రశ్నలు.

(మేనరికం వల్లే ఈ జబ్బులు వస్తాయా అని ఒక తల్లి అడిగారు.)

మేనరికం జబ్బును పుట్టించదమ్మా. ఈ రెండు జబ్బులకూ బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువుకు రెండు చెడిన ప్రతులు రావాలి. ఒక్క ప్రతే ఉన్న తల్లిదండ్రులు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, వారికి తెలియను కూడా తెలియదు. దగ్గరి బంధువులకు ఒకే పూర్వీకుడి నుంచి ఒకే మార్పు వచ్చి ఉండే అవకాశం ఎక్కువ, అందుకే మేనరికాల్లో ఈ జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. బయటి సంబంధం చేసుకున్నవారిలోనూ వస్తాయి. ఇద్దరూ ఇలా ఒక్క చెడిన ప్రతి ఉన్నవారు, అంటే వాహకులు అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డలో జన్యు మార్పు ఏమిటో తెలిస్తే తర్వాతి గర్భంలో ముందుగానే పరీక్ష చేయించుకోవచ్చు. ఎవరూ ఎవరినీ నిందించుకోనక్కర్లేదు, ముఖ్యంగా కోడళ్లను.

(ఉప్పు నీళ్లు ఇంట్లోనే కలిపి నెబ్యులైజర్‌లో పెట్టవచ్చా అని మరొకరు అడిగారు.)

వద్దండి. చాలామంది అడుగుతారు, ఖర్చు తగ్గుతుందని. వంటింటి ఉప్పు, కాచిన నీళ్లు క్రిమిరహితం కావు, గాఢత కూడా కుదరదు. నెబ్యులైజర్ నీటిలో సూడోమోనాస్ పెరిగితే మనమే దాన్ని బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పంపినట్టు. తయారుగా దొరికే ద్రావణాన్నే వాడండి. మొదటి మోతాదు ఆసుపత్రిలో, వైద్యుల కళ్లముందు తీసుకోవాలి, ఎందుకంటే కొందరిలో నాళాలు బిగుసుకుపోతాయి. ప్రతిసారీ దానికి ముందు నాళాలను వదులు చేసే మందు పీల్పించాలి, తర్వాత ఫిజియోథెరపీతో కఫం బయటికి తీయించాలి. ఆ తర్వాత నెబ్యులైజర్ కప్పును కడిగి, మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచి, పూర్తిగా ఆరబెట్టండి. అలా ఉంచవచ్చో లేదో ముందు ఆ పరికరంతో వచ్చిన కాగితంలో చూసుకోండి. మీది తెచ్చారు కదా, సభ అయ్యాక ఒకసారి ఇటు తీసుకురండి, ఎలా విప్పి కడగాలో చూపిస్తాను.